మొద్దుబారినా పోని పన్నునొప్పి

ఈ పనికి కొత్తగా వచ్చిన ఆడపిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తారు. అంత కాలం చేసినావు గదా అక్కా, నొప్పితో వచ్చినవాళ్ళను చూడగానే నీకు తెలిసిపోతుందా, ఎవరిది నిజం, ఎవరిది వేషం, అని అడుగుతారు. తెలుస్తుంది అని చెప్పాలని నాకూ ఆశగానే ఉంటుంది. కానీ ఒక మనిషి గుర్తొస్తాడు. ఆయన గుర్తొస్తే ఆ మాట అనలేను. ఆయన కథ చెప్పి, మీరే చూసుకోండమ్మా అని ఊరుకుంటాను.

నేను డాక్టర్ని కాదు, నర్సు చదువూ చదవలేదు. తిరువళ్ళూరులో ఒక పళ్ళ ఆసుపత్రిలో అసిస్టెంటుగా చేరి, అక్కడే జుట్టు నెరిపించుకుని బయటికి వచ్చినాను. పొద్దున తిరుత్తణిలో రైలెక్కేది, సాయంత్రం మళ్ళీ తిరుత్తణిలో దిగేది. వచ్చినవాళ్ళను కుర్చీలో కూచోబెట్టడం, మెడకు గుడ్డ కట్టడం, డాక్టరు చెయ్యి చాపితే కావలసిన పరికరం అందించడం, నోట్లో ఊరే నీళ్ళు గొట్టంతో లాగడం, పరికరాలు ఉడకబెట్టడం. ఇంతే నా పని. ఇంకొకటి కూడా ఉన్నింది. భయపడేవాళ్ళ భుజం మీద చెయ్యి వేసేది. అది ఎవరూ నేర్పలేదు.

నన్ను పనిలో పెట్టుకున్న పెద్ద డాక్టరు వయసైపోయి మానుకున్నాక, ఆ ఆసుపత్రిని ఒక చిన్న డాక్టరమ్మ తీసుకుంది. మా పక్క పిల్లే, ఇంట్లో తెలుగే. చదువు బాగా చదివింది, చెయ్యి తేలిక. ఒకే ఒక్క కష్టం ఏమిటంటే, మా ఆసుపత్రికి వచ్చే పాతవాళ్ళంతా మెట్లెక్కి పైకి వచ్చి ఆ పిల్లను చూసి, "పెద్ద డాక్టరు లేడా?" అనేవాళ్ళు. ఆమె నవ్వేది. ఆ నవ్వు వెనక ఏముందో నాకు తెలుసు.

అట్ల అడిగినవాళ్ళలో, మేము ఊత్తుకోట అన్నా అని పిలిచే ఆయన ఒకడు. ఊత్తుకోటలో ఆయనకు పెద్ద మళిగ అంగడి. బియ్యం, పప్పులు, నూనె, అన్నీ మూటల లెక్కన అమ్మే వ్యాపారం. ఆయన ఆసుపత్రికి వస్తే ముందు ఆయన గొంతు వచ్చేది, తర్వాత ఆయన. వెనకాల చేతిసంచితో ఆయన భార్య. నేను ఆమెను వదినా అని పిలిచేదాన్ని.

మొదటిసారి వచ్చినప్పుడు ఎడమ చెంప పట్టుకుని కూచున్నాడు. "కింది పన్ను డాక్టరమ్మా. ఇంతకు ముందు దీని పక్క పన్ను నొప్పని వేరే చోట పీకించినాను. కొన్నాళ్ళు బాగుండింది. ఇప్పుడు నొప్పి జరిగి దీని మీదకొచ్చి కూచుంది" అన్నాడు.

డాక్టరమ్మ అద్దం పెట్టి చూసింది. పన్ను మీద చిన్న కడ్డీతో తట్టింది. "నొస్తుందా అన్నా?"

"లేదు."

చల్లటి దూది పెట్టింది. జివ్వుమంది గానీ వెంటనే పోయింది. మంచి పన్నుకు అట్లే ఉంటుంది. ఎక్స్‌రే తీసింది. వేరు చుట్టూ నల్లటి నీడ ఏమైనా ఉందేమోనని నేను కూడా తొంగి చూసినాను. శుభ్రంగా ఉంది. చిగురు గట్టిగా ఉంది. ఆమె చేతి తొడుగులు తీసేసి చేతులు కడుక్కునింది. కడుక్కున్న చేతుల్నే ఇంకోసారి కడుక్కునింది. ఆమెకు ఏమీ తోచనప్పుడు అట్ల చేస్తుంది.

నొప్పి బిళ్ళలు రాసిచ్చి, నిద్రలో పళ్ళు కొరికే అలవాటుందేమో చూసుకో అని చెప్పి పంపింది. ఆయన లేస్తూ లేస్తూ ఒక ప్రశ్న వేసినాడు. "నాకు ఎప్పుడూ ఒక అనుమానం డాక్టరమ్మా. బిళ్ళ పోయేది కడుపులోకి. నొప్పి ఉండేది పంట్లో. పన్ను యాడుందో ఆ బిళ్ళకెట్ల తెలుస్తుంది?"

నేను నవ్వబోయి ఆపుకున్నాను, ఎందుకంటే అంత కాలం బిళ్ళలు చేతికిచ్చిన నాకూ ఆ సంగతి తెలియదు.

"దానికి తెలియదన్నా" అంది డాక్టరమ్మ. "రక్తంలో కలిసి ఒళ్ళంతా తిరుగుతుంది. ఒంట్లో యాడన్నా దెబ్బ తగిలితే, వాపొస్తే, అక్కడి కండ ఒక పదార్థం తయారుచేస్తుంది. అది నరాన్ని రెచ్చగొడుతుంది. చిన్నది తగిలినా నరం పెద్దగా అరిచి మెదడుకు చెప్తుంది. బిళ్ళ ఆ పదార్థాన్ని తయారుకానీకుండా ఆపుతుంది. అంతే."

"మరి నువ్వు వేసే మత్తు సూది?"

"అది వేరు. సూది నరం దారినే మూసేస్తుంది. ఇక్కడ ఏం జరిగినా పైకి కబురు పోదు."

"ఒకటి అరుపు తగ్గిస్తుంది, ఇంకొకటి దారి మూస్తుంది" అని తనకు తానే చెప్పుకుని, లెక్క సరిపోయినట్టు తల ఊపి పోయినాడు.

సరిపోలేదు. మళ్ళీ వచ్చినాడు. బిళ్ళ వేసుకుంటే ఒకరోజు తగ్గుతుందట, ఒకరోజు తగ్గదట. ఒక్కోసారి వేసుకోకున్నా దానంతటదే పోతుందట. డాక్టరమ్మ మళ్ళీ తట్టింది, మళ్ళీ చల్లది పెట్టింది, పై పళ్ళు కూడా చూసింది, దవడ కీలు ఒత్తింది, చెవి కింద ఒత్తింది. ఏమీ దొరకలేదు. ఇంకొకసారి వచ్చేసరికి ఆయన మందుల అంగడిలో తానే అడిగి ఇంకా గట్టి బిళ్ళలు కొనుక్కుని మింగుతా ఉన్నాడని తెలిసింది. డాక్టరమ్మ కోప్పడింది. ఆయన కూడా కోప్పడినాడు.

"నాకు నొప్పుంది. నీకు కనపడలేదు. అయితే నేను అబద్ధం చెప్తా ఉన్నానా? పీకెయ్. పీకేస్తే పోతుంది."

"మంచి పన్నును పీకలేనన్నా."

"పెద్ద డాక్టరైతే ఈపాటికి పీకి చేతిలో పెట్టుండు."

ఆ మాటకు ఆమె ముఖం వాడిపోయింది. వాళ్ళు పోయినాక నన్నడిగింది, "అక్కా, నిజంగా ఈయనకు నొప్పుందంటావా?" ఒక్కోసారి ఉందనిపించేది. నొప్పి వచ్చినప్పుడు అంత మాట్లాడే మనిషి మాట ఆపేసి, ఒక చోటనే చూస్తా కూచునేవాడు. అది వేషం కాదు. ఇంకొకసారి, పన్ను ఇంత బాగుంటే నొప్పి యాడనుంచి వస్తుంది, మనసులో ఏదో బాధ పెట్టుకుని పన్నని చెప్తా ఉన్నాడేమో అనిపించేది. రెండూ చెప్పినాను. "నాకూ అట్లనే ఉందక్కా" అంది.

ఆ తర్వాత ఆడి కృత్తిక పండగ వచ్చింది. ఆ రోజు తిరుత్తణి కొండకు యాడాడనుంచో మొక్కుబడి కావళ్ళు వస్తాయి. నేను రైల్లో జనానికి ఎదురుపోయి తిరువళ్ళూరులో దిగినాను. రోడ్డంతా పసుపు బట్టలు, మేళాలు. ఆసుపత్రికి ఎవరూ రారులే అనుకుంటే, పొద్దునే ఊత్తుకోట అన్నా వదినా వచ్చినారు. బస్సు ఊరి బయటే ఆపేసినారట. అక్కడనుంచి నడిచి, జనాన్ని తోసుకుని, మెట్లెక్కి వచ్చినారు. ఆయన చొక్కా తడిసి వీపుకు అతుక్కుని ఉంది. చెంప మీద చెయ్యి ఉంది.

"ఈ రోజు పీకకపోతే నేనే పటకారు పెట్టి లాక్కుంటా" అన్నాడు. గొంతులో ఎప్పుడూ ఉండే జోరు లేదు.

డాక్టరమ్మ కాసేపు ఆయన్నే చూసింది. "సరే అన్నా. ఒక పని చేస్తాం. ముందు ఆ పక్కంతా మొద్దుబారేట్టు సూది వేస్తా. నొప్పి ఆ పన్నుదే అయితే సూదితో పోవాలి. పోతే అప్పుడు ఏం చెయ్యాలో చూస్తాం."

నేను సూది అందించినాను. దవడ వెనకాల వేసింది. కాసేపటికి ఆయన పెదవి ఒక పక్కకు జారింది. "పెదవి నాది కాదన్నట్టుంది. నాలుక సగం యాడికో పోయింది" అన్నాడు, మాట నలుగుతా.

"నొప్పి?"

"ఉంది."

ఇంకాసేపు ఆగింది. పన్ను పక్కనే ఇంకొంచెం మందు వేసింది. తర్వాత మొనదేలిన కడ్డీతో చిగురును గట్టిగానే గుచ్చింది. రక్తపు బొట్టు కనిపించింది. "గుచ్చేది తెలుస్తా ఉందా?"

"లేదు."

"నొప్పి?"

"ఉంది డాక్టరమ్మా. అట్లనే ఉంది."

కింద రోడ్డు మీద మేళం ఒకటి పోతా ఉంది. నేను మందు సీసా తిప్పి, గడువు దాటిందేమోనని చూసినాను. దాటలేదు. దాటి ఉంటే పెదవి ఎట్ల మొద్దుబారుతుంది? గుచ్చితే తెలియని పంట్లో నొప్పి ఎట్ల ఉంటుంది? దారి మూసేసినాం గదా, మరి ఈ కబురు ఏ దారిన పైకి పోతా ఉంది? నా తలకాయలో ఏదీ నిలవలేదు.

డాక్టరమ్మ చేతులు కడుక్కోవడానికి లేచి, సగం దూరం పోయి, కడుక్కోకుండానే తిరిగొచ్చింది.

"అన్నా, ఈ నొప్పి ఇంట్లో ఏ పొద్దులో వస్తుంది? ఏం చేస్తా ఉన్నప్పుడు?"

"ఏ పొద్దని చెప్పేది?"

వదిన అందుకుంది. "లారీ వచ్చిన రోజు వస్తుంది డాక్టరమ్మా. మూటలు దించేటప్పుడు ఈయన కూడా చెయ్యేస్తాడు, వద్దంటే వినడు. వచ్చిందంటే బిళ్ళ మింగి గల్లాపెట్టె దగ్గర కూచుంటాడు. కాసేపటికి పోతుంది."

"బిళ్ళ లేకుండా ఊరికే కూచుంటే?"

వదిన ఆలోచించింది. "పోతుంది. అవును, పోతుంది."

డాక్టరమ్మ ముఖానికున్న మాస్కు కిందికి లాగింది. "ఎదలో ఏమన్నా బరువుగా ఉందా అన్నా? చెయ్యి లాగుతుందా?"

"పన్నునొప్పికి వస్తే ఎదను అడుగుతావేం?" అన్నాడాయన. ఆపైన విసుగొచ్చి, మెడకున్న గుడ్డ తీసేసి లేచినాడు. "ఇప్పుడు కొంచెం తగ్గింది. నేను పోతా. పీకేవాళ్ళను వేరే చూసుకుంటా."

తలుపు దాకా పోయినాడు. అక్కడే ఆగినాడు. చెయ్యి చెంప మీదకు పోయింది, తర్వాత గోడ మీదకు పోయింది. ముఖం బూడిద రంగుకు తిరిగింది. నేను స్టూలు జరిపేలోపే దాని మీద కూలబడినాడు.

డాక్టరమ్మ గొంతు మారిపోయింది. ఆంబులెన్సుకు ఫోను చేసింది, రక్తపోటు చూసింది, బీరువాలోనుంచి ఒక బిళ్ళ తెచ్చింది. "అన్నా, ఇది నమలండి. కుడి పక్కన పెట్టి నమలండి, ఎడమ పక్క మొద్దుగా ఉంది, నాలుక కొరుక్కుంటారు."

చూస్తే అది ఆస్పిరిన్. నాకు మతి పోయినంత పనైంది. పన్ను పీకించుకునేవాళ్ళు ఆ బిళ్ళ వేసుకుని వచ్చినామంటే మేం భయపడతాం, రక్తం తొందరగా ఆగదని. పైగా అది పాతకాలం నొప్పి బిళ్ళ. గట్టి బిళ్ళలకే పోని నొప్పికి ఇది ఏం పనిచేస్తుంది? "డాక్టరమ్మా, నొప్పికి ఇదా?" అని అడిగేసినాను.

"ఇది నొప్పికి కాదక్కా. రక్తం గడ్డ కట్టకుండా" అంది. అప్పుడు గానీ నాకు భయం వేయలేదు.

జనంలో ఆంబులెన్సు మా వీధికి రాలేకపోయింది, మూల మీద ఆగింది. ఆయన్ను నడవనివ్వలేదు. కింద పాత్రల అంగడివాళ్ళను పిలిస్తే నలుగురొచ్చి ఒక కుర్చీలో కూచోబెట్టి ఎత్తి మెట్లు దించినారు. ఆయనకు సిగ్గు. "పన్నునొప్పికి నన్నిట్ల ఊరేగిస్తా ఉన్నారే" అని గొణిగినాడు. వదిన సంచి గుండెకు పట్టుకుని వెనకాల వస్తా ఉంది.

మూల దాకా పోయేసరికి ఒక కావడి గుంపు అడ్డమొచ్చింది. ముందు ఒక పిల్లవాడు, ఇరవై ఏళ్ళుంటాయేమో, ఈ చెంపనుంచి ఆ చెంపకు వెండి శూలం గుచ్చుకుని ఆడతా ఉన్నాడు. రక్తం లేదు. ముఖంలో నొప్పి జాడ లేదు, కళ్ళు ఎక్కడో ఉన్నాయి. వాడి పక్కనుంచే మేము, నోట్లో ఏ దెబ్బా లేని మనిషిని కుర్చీలో మోసుకుని పోతా ఉన్నాం. ఆయన పన్నునొప్పితో పళ్ళు బిగబట్టి ఉన్నాడు. నేను వాణ్ణీ చూసినాను, ఈయన్నీ చూసినాను. ఇంత కాలం నేను నొప్పి అనుకున్నది ఏమిటో నాకు ఆ నిమిషం అర్థం కాలేదు. గుంపు దారిచ్చింది. "తళ్ళుంగ, తళ్ళుంగ" అని ఎవరో అరవంలో జనాన్ని జరిపినారు.

పెద్ద ఆసుపత్రి దాకా నేనూ పోయినాను. అక్కడ ఎదకు తీగలు పెట్టి కాగితం తీసినారు. ఆ కాగితం చూసిన డాక్టరు మాట్లాడకుండా ఆయన నాలుక కింద ఒక చిన్న బిళ్ళ పెట్టించినాడు. కొంచెం సేపే. ఊత్తుకోట అన్న కళ్ళు తెరిచి నన్ను చూసినాడు.

"అమ్మా, పన్నునొప్పి పోయింది."

"పోయిందా అన్నా?"

"పోయింది. ఇది ఏం బిళ్ళ? మీ డాక్టరమ్మ ఇది ముందే ఇచ్చుంటే అయిపోయేది గదా."

అది కూడా నొప్పి బిళ్ళ కాదని, రక్తనాళాన్ని వదులు చేసే బిళ్ళని ఆ తర్వాత తెలిసింది. ఆయన్ను అదే రోజు మదరాసుకు పంపినారు. గుండెకు పోయే నాళం ఒకటి దాదాపు మూసుకుపోయిందట. దాంట్లో స్టెంటు పెట్టినారు. మనిషి దక్కినాడు.

మరుసటి రోజు మా ఆసుపత్రిలో ఎవరూ లేనప్పుడు డాక్టరమ్మను కూచోబెట్టి అడిగినాను. ఆమె పరికరాల పళ్ళెం మీద వేలితో గీతలు గీసి చెప్పింది. గుండెనుంచి వచ్చే నరాలూ, దవడనుంచి వచ్చే నరాలూ పైకి పోయే దారిలో ఒక చోట కలుస్తాయట. దవడనుంచి పుట్టినప్పటినుంచీ కబుర్లు పోతానే ఉంటాయి, నమిలితే, కొరికితే, చల్లవి తాగితే. గుండెనుంచి ఎప్పుడో గానీ కబురు పోదు. అందుకని గుండె రక్తం చాలక అరిచినప్పుడు, ఇది దవడే అయ్యుంటుందిలే అని మెదడు అనుకుంటుందట. మనకు పన్ను నొస్తుంది.

"అంటే మనం దవడ దారి మూసినా, అరుపు గుండెనుంచి వస్తా ఉన్నింది."

"అవునక్కా. అందుకే పోలేదు."

"మరి బిళ్ళలు కొన్నిసార్లు పనిచేసినాయని చెప్పినాడే?"

"బిళ్ళ మింగి కూచున్నాడు గదా. కూచున్నందుకు తగ్గింది. పేరు బిళ్ళకొచ్చింది. అన్ని రోజులు మింగినందుకు ఆ బిళ్ళలు గుండెకు మంచి కూడా చెయ్యవు." పళ్ళెం పక్కకు జరిపి అంది, "నేను మొదటి రోజే, ఏం చేసేటప్పుడు వస్తుంది అని అడిగుంటే బాగుండు. నోరే చూసినాను."

"ఎవరైనా నోరే చూస్తారమ్మా, పళ్ళ డాక్టరు గదా" అన్నాను.

"చెంపకు శూలం గుచ్చుకున్న పిల్లవాడికి ఎందుకు నొప్పి లేదు?" అని అడిగినాను.

మెదడు కిందినుంచి వచ్చే కబుర్లను వినడమే కాదక్కా, కొన్నిసార్లు పైనుంచే నోరు మూయిస్తుంది, భక్తిలోనో, భయంలోనో, పరుగులోనో, అని ఏదో చెప్పింది. చెప్తా చెప్తా ఆమే ఆగిపోయింది. "నాకూ పూర్తిగా తెలియదక్కా" అంది. ఆ మాట ఆమె నోట వినడం నాకు అదే మొదలు. విన్నాక నాకు కొంచెం ధైర్యమొచ్చింది, ఎందుకో తెలియదు.

కొన్ని నెలలకు ఊత్తుకోట అన్న పళ్ళు శుభ్రం చేయించుకోవడానికి వచ్చినాడు. చిక్కినాడు, గొంతు మాత్రం తిరిగొచ్చింది. పెద్ద డాక్టరు ఊసే ఎత్తలేదు. కనపడిన వాళ్ళందరికీ డాక్టరమ్మను చూపించి, "పన్ను పీకమంటే ప్రాణం నిలబెట్టింది" అని చెప్తా ఉన్నాడు. ఆమె ఎర్రబడిపోయింది. కుర్చీలో కూచున్నాక, ముందు ఎప్పుడో పీకించుకున్న పన్ను ఖాళీ మీద నాలుక పెట్టి, "మరి ఇది ఏం చేసిందని పోయింది డాక్టరమ్మా?" అని అడిగినాడు. డాక్టరమ్మ అద్దం పెట్టి ఆ ఖాళీనే చూసింది.

లోపల పని జరుగుతా ఉంటే నేను బయట వదిన పక్కన కూచున్నాను. ఆమె మెల్లగా అడిగింది, "ఆయన పన్నని చెప్పింది అబద్ధమా అమ్మా?"

"కాదు వదినా. నొప్పి నిజమే. పన్నే అనుకున్నాడు, మనమూ అదే అనుకున్నాం."

ఆమె తల ఊపింది. తర్వాత నా వైపు తిరగకుండా, ఎదురుగా గోడను చూస్తా అంది, "నాకూ ఒక నొప్పి ఉంది. కుడి భుజం వెనకాల. అన్నం తిన్నాక వస్తుంది. ఆయనది మొదలయ్యేదానికి ముందునుంచే ఉంది. భుజంనొప్పికి అన్నంతో ఏం పని, ఎవరైనా నవ్వుతారని చెప్పలేదు."

నేను లేచి తలుపు తీసినాను. ఆ తర్వాత ఆమెకు స్కాను తీసినారు, పిత్తాశయంలో రాళ్ళున్నాయన్నారు, ఆపరేషను చేసినారు, ఆమె కోలుకునింది. అదంతా తర్వాతి మాట. ఆ రోజు డాక్టరమ్మ నేను చెప్పింది విని, ఊత్తుకోట అన్నను నోరు తెరిచినవాణ్ణి తెరిచినట్టే వదిలేసి బయటికి వచ్చింది. వదిన ముందర స్టూలు వేసుకుని కూచునింది.

"చెప్పు వదినా. ఉండేదంతా చెప్పు. నవ్వను."

వదిన ఆమెను చూసింది, నన్ను చూసింది. ఇన్నిసార్లు వచ్చినా ఎవరూ తన ముందర కూచోలేదు. చేతిసంచి ఒళ్ళోనుంచి తీసి కింద పెట్టింది.

"యాడినుంచి చెప్పాలమ్మా?" అంది.